కిలోమీటరుకు ఎంతండీ? బండి ట్రిప్పుల ఖర్చు మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ పక్కన నాకు మూడు కార్లున్నాయి. రెండు ఏడు సీట్లవి, ఒకటి చిన్నది. పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "కిలోమీటరుకు ఎంతండీ?" అనే. ఎన్ని రోజులు, ఎన్నింటికి బయల్దేరతారు, రాత్రి ఎక్కడ ఆగుతారు అని నేను తిరిగి అడిగితే విసుక్కుంటారు. డబ్బు పోయేది మాత్రం అక్కడే.

అపోహ: రేటు తక్కువున్న బండే చవక

పోయిన కార్తీకమాసంలో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఇంట్లో ఆరుగురు, శ్రీశైలం, మూడు రోజులు. వేరే ట్రావెల్స్ వాళ్లు కిలోమీటరుకు 15 రూపాయలు చెప్పారట, నేను 16 చెప్పాను. కాగితం, పెన్ను తీసుకోమన్నాను.

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం సుమారు 230 కిలోమీటర్లు. పోనూ రానూ, అక్కడ శిఖరం, సాక్షి గణపతి చూడటం అంతా కలిపి 500 వేసుకోండి. నా బండి విజయవాడ షెడ్‌లో బయల్దేరి మళ్లీ షెడ్‌కే రావాలి కాబట్టి ఇంకో 70. మొత్తం 570. కానీ బయటూరు బండికి రోజుకు ఇన్ని కిలోమీటర్లని మినిమం ఉంటుంది, మా దగ్గర అది 300. మూడు రోజులు ఉంచుకుంటే బండి సత్రం ముందు నిలబడి ఉన్నా 900కి బిల్లు పడుతుంది. అవతలి వాళ్లదీ అదే మినిమం. వాళ్ల 15 రేటుకు 13,500. అదే శనివారం తెల్లారుజామున 4 గంటలకు బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరితే రెండు రోజులే. 600 కిలోమీటర్లకు నా 16 రేటున 9,600. డ్రైవర్ బత్తా, అంటే అతని రోజు ఖర్చులకు ఇచ్చే డబ్బు, కూడా ఒక రోజుది మిగులుతుంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "అసలు మూడో రోజు ఎందుకనుకున్నామో మాకే గుర్తులేదండీ" అన్నారు.

బేరం ఆడొద్దనడం లేదు. రూపాయి తగ్గించమని అడిగే ముందు మినిమం ఎంత, లెక్క షెడ్ నుంచా మీ ఇంటి నుంచా, బత్తా ఎంత, రాత్రి నడిపితే అదనమా, టోల్ ఎవరిది అని అడగండి. జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వెళ్లి, దిగేటప్పుడు గొడవపడిన వాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: రాత్రంతా నడిపితే రూము అద్దె మిగులుతుంది

దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టులో బండ్లు ఆపేస్తారు. ఇది నాకు తెలిసీ దెబ్బతిన్నాను. బండి కొన్న మొదటి ఏడాది, పార్టీ వాళ్లు వినుకొండలో టిఫిన్ అంటే ఆపాను, ఆ తర్వాత టీ అంటే ఇంకోసారి ఆపాను. దోర్నాల చేరేసరికి 9:10. గేటు పడిపోయింది. ఇద్దరు ముసలివాళ్లు, చంకలో పసిపిల్ల. అద్దాలు దించితే దోమలు, ఎత్తితే ఉక్క. తెల్లారేదాకా ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ రోజు బత్తా నేను అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు.

అడవి లేని దారైనా అంతే. రాత్రి 2 నుంచి 5 మధ్య డ్రైవర్ రెప్ప ఎప్పుడు పడుతుందో డ్రైవర్‌కే తెలియదు. పైగా రాత్రంతా కూర్చుని ఊరు చేరినవాళ్లు పగలంతా పడుకోవడానికి ఎలాగూ రూము తీసుకుంటారు. ఇక మిగిలిందేమిటి?

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు ఆదా

సొంత కారులో వెళ్లేవాళ్లు ఇది బాగా వినాలి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో బండి గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, దిగుడులో చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పెట్రోలు పోయడం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేశారా, ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి అది తాగుతూనే ఉంటుంది. అంటే ఆదా లేకపోగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కాసేపటికి మాడిన వాసన వస్తుంది. ఆ తర్వాత తొక్కినా బండి ఆగనంటుంది. ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలని మాకు బండి నేర్పిన పెద్దాయన చెప్పేవాడు. మారేడుమిల్లి ఘాటైనా, శ్రీశైలం ఘాటైనా అదే లెక్క.

అపోహ: ఏసీ ఆపితే మైలేజీ అమాంతం పెరుగుతుంది

ఊళ్లో నెమ్మదిగా పోతుంటే కొంత నిజమే. హైవే మీద 90లో అద్దాలు దించితే లోపలికి కొట్టే గాలే బండిని వెనక్కి లాగుతుంది, ఆపిన ఏసీ లాభంలో కొంత దానికే పోతుంది. నిజంగా పెట్రోలు తాగేది వేగం. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు 110లో తోలి, మధ్యలో రెండు టీలకు ఆగేవాడూ, 85లో నిదానంగా పోయేవాడూ చేరేదాంట్లో తేడా గంట కూడా ఉండదు. బంకులో తేడా తెలుస్తుంది.

అపోహ: ఇంటి దగ్గరే ట్యాంకు ఫుల్ చేసుకోవాలి

అరుణాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఆంధ్రాలో పెట్రోలు మీద పన్ను ఎక్కువ. తమిళనాడులో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ పడుతోంది. ఇక్కడ సరిహద్దు దాటడానికి సరిపడా పోయించుకుని, అటు దాటాక ఫుల్ చేయండి. వచ్చేటప్పుడు సరిహద్దుకు ఇవతల కాదు, అవతలే నింపుకోండి.

అపోహ: టోల్ వార్షిక పాస్ ఉంటే ఏ బండికైనా, ఎక్కడైనా చెల్లుతుంది

2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన పాస్ ఏడాది గాని, టోల్ గేట్లు 200 సార్లు దాటేదాకా గాని, ఏది ముందైతే అంతవరకే. అదీ సొంత వాడకం కార్లకు, జాతీయ రహదారి టోళ్ల దగ్గరే. అద్దెకు తిరిగే మా పసుపు ప్లేటు బండ్లకు వర్తించదు. ఏడాదికి ఒక్కసారి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు దాని అవసరం లేదు. ఇంకో మాట. అదే టోల్ గేటు 24 గంటల్లోపు తిరిగి దాటితే రెండోసారి సగమే పడుతుంది. అర్ధరాత్రి 12 దాటితే ఆ రాయితీ పోతుందని కొందరు గుంటూరు - విజయవాడ దారిలోని కాజ టోల్ దగ్గరికి గాభరాగా తోలుకొస్తారు. అక్కర్లేదు, లెక్క మొదటిసారి దాటిన గంట నుంచి.

అపోహ: తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు బండి అయితే సగానికే వస్తుంది

వస్తుంది. దారిలో ఏదైనా జరిగితే, అద్దెకు తిప్పిన సొంత బండని తేలాక ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొడతారు. అద్దె బండికి పసుపు ప్లేటు ఉండాలి. మీరే నడుపుకునే సెల్ఫ్ డ్రైవ్ బండికైతే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఎక్కేముందు ఒకసారి వంగి చూడండి.

అపోహ: డ్రైవర్ ఆపిన హోటలే మంచిది

మా వాళ్లు తిట్టుకున్నా చెప్పేస్తాను. కొన్ని హోటళ్లలో డ్రైవర్‌కు భోజనం ఉచితం, పైన చేతిలో కొంత పెడతారు. అది మీ బిల్లులోంచే వస్తుంది. ఎక్కడ ఆగాలో మీరే చెప్పండి, డ్రైవర్‌కు మీతోపాటే భోజనం పెట్టించండి. ఇంకా చవక కావాలంటే మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోర కట్టుకోండి, సాయంత్రం దాకా చెడదు. దద్దోజనం మాత్రం ఎండాకాలం డిక్కీలో పెట్టకండి. ఒకసారి ఎవరో డబ్బా మర్చిపోయి దిగిపోయారు. వారం రోజులు ఆ బండిని ఎవరికీ పంపలేకపోయాను.