గ్రామసభలో పేరు చదివారని ఇల్లు కూల్చకండి

పంచాయతీ కార్యదర్శిని. పొద్దున ఆఫీసు తాళం తీయకముందే ఎవరో ఒకరు మెట్ల మీద కూర్చుని ఉంటారు. “సారూ, గ్రామసభల నా పేరు సదివిన్రు గదా, ఇగ ఇల్లు అచ్చినట్టేనా?”

రాలేదు. ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఇదే.

2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణ ఊళ్లలో పెట్టిన సభలు గుర్తున్నాయి కదా. రేషన్ కార్డులు, రైతు భరోసా, భూమిలేని కూలీలకిచ్చే ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, అన్నీ ఒకే టెంటు కింద. అక్కడ మేం మైకులో చదివింది జాబితా మాత్రమే, మంజూరు కాదు. అందులో ఉండకూడనివాళ్లు ఉంటే చెప్పడానికి, ఉండాల్సినవాళ్లు లేకపోతే మళ్లీ దరఖాస్తు ఇవ్వడానికి పెట్టిన సభ అది. నియోజకవర్గానికి మొదటి విడతలో అనుకున్నవి 3,500 ఇళ్లు. చదివిన పేర్లన్నీ అందులో ఎట్లా పడతాయి? మంజూరు పత్రం చేతికి రావాలి, ముగ్గు పోయాలి, జాగ ఫొటో యాప్‌లో ఎక్కాలి. అప్పుడు అడగండి, వచ్చిందని నేనే చెప్తా.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ సభ అయిన మర్నాడే గూనపెంకలు దింపించింది. పాత ఇల్లు కనబడితే పేరు కొట్టేస్తారని ఎవరో అన్నారట. ఎవరన్నారంటే మాత్రం చెప్పదు, హోటల్ కాడ విన్నదట. నేను పోయేసరికి గోడలు మొండిగా నిలబడి ఉన్నాయి, దూలాలు అప్పటికే ట్రాక్టర్ ఎక్కాయి. వానాకాలమంతా కొడుకు ఇంటి ముందర రేకుల కింద పడుకుంది. ఆమె మీద కోపం రాలేదు. ఇల్లు ఇల్లని అన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఆగమంటే ఎట్లా ఆగుతుంది? ఆ హోటల్ కాడ కూర్చున్నవాళ్ల మీదే నా కోపమంతా.

ఇంకో మాట. మంజూరైనా డబ్బు ముందు రాదు. ఇంటికి సర్కారు ఇచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే పడుతుంది. అప్పటిదాకా ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి మీవే. కూల్చేముందు ఆ లెక్క వేసుకోండి. పేరు చదవలేదని దళారి చేతిలో డబ్బు పెట్టేవాళ్లూ ఉన్నారు. దరఖాస్తు తీసుకోవడానికి ఆ టెంటు కిందే బల్ల వేశాం, పైసా అడగలేదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

సర్పంచ్ లేకపోతే సభ చెల్లదంటారు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలనలో సభలు జరిగాయి, చెల్లాయి. పార్టీవాళ్ల వ్యవహారం, మాకెందుకంటారు. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, కండువా అక్కర్లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సభ రెండు నెలలకోసారి పెట్టాలి. పథకం లేని సభకు ఎవరూ రారు. ఆశా వర్కర్ డెంగీ గురించి నోరు తెరవగానే సగం కుర్చీలు ఖాళీ. మురికికాల్వ, నీళ్ల ట్యాంకు, సబ్‌సెంటర్‌కు రాని నర్సు, ఇవన్నీ అడగాల్సింది అక్కడే మరి.

నిజామాబాద్, జగిత్యాల వైపు వీడీసీ, అంటే ఊరి పెద్దలు పెట్టుకున్న గ్రామాభివృద్ధి కమిటీ, చెప్పిందే గ్రామసభ మాట అనుకుంటారు. వీడీసీకి చట్టంలో చోటే లేదు. గుడి దగ్గర గొడవైందనో, మాట వినలేదనో ఒక కులంతో మాట్లాడొద్దని, దుకాణంలో సరుకు ఇవ్వొద్దని వాళ్లు తీర్మానం చేస్తే అది నేరం. జరిమానా కట్టకండి, పోలీస్ స్టేషన్‌కు పోండి. పండుగ ఊరేగింపు తగాదాలకైతే శాంతి కమిటీ ఉంది, అదీ స్టేషన్‌లోనే కూర్చుంటుంది.

సంతకం సంగతి. హాజరు పట్టీలో సంతకం పెడితే తీర్మానానికి ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకోకపోతే ఆ మాట మినిట్స్‌లో రాయమని అడగండి, రాసేదాకా అక్కడే నిలబడండి. పైన ఏమీ రాయని ఖాళీ పేజీ మీద మాత్రం సంతకం పెట్టొద్దు, అడిగేది నాలాంటి కార్యదర్శి అయినా సరే.