చలికాలంలో ఈ వానలేంది? నెల్లూరు, ప్రకాశం వాతావరణం మీద అపోహలు, వాస్తవాలు

రైతులకు వాతావరణ సలహాలు చెప్పడం నా పని. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఏంది సార్, కాలం ఇట్టా తయారయింది?" కాలం మారుతున్న మాట నిజమే. అయితే జనం దేన్ని చూసి మారిందంటున్నారో అది చాలాసార్లు మనకి మామూలే. నిజంగా మారిందాన్ని పెద్దగా ఎవరూ అడగరు.

అపోహ: నవంబర్, డిసెంబర్‌లో పడేవి అకాల వర్షాలు.

తెలంగాణకు అకాలమే కావచ్చు, మనకు కాదు. అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో గాలి దిశ తిరిగి ఈశాన్యం నుంచి వీచడం మొదలవుతుంది. బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి తమిళనాడులో, మన దక్షిణ కోస్తాలో దించుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లోనే కురవాలి. ప్రకాశంలో నైరుతి, ఈశాన్య రుతుపవనాల వాటా దాదాపు సమానం. గిద్దలూరు వైపు పోయేకొద్దీ నైరుతిదే పైచేయి. నవంబర్‌లో ముసురు పట్టకపోతే టెన్షన్ పడాలి గానీ, పడితే ఆశ్చర్యమెందుకు?

అకాలం అనాల్సింది జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పడే వానని. అప్పటికి శనగ కోతకొచ్చి ఉంటుంది, పొగాకు రెలుపులు (ఆకు కోత) నడుస్తుంటాయి, ఉలవపాడు తోటల్లో మామిడి పూత మీదుంటుంది. అర పూట జల్లు చాలు నష్టానికి.

ఇక నిజంగా మారిందేమిటంటే వాన పడే తీరు. నెలంతా సర్దుకుని పడాల్సిన వాన రెండు మూడు రోజుల్లో కుమ్మరించి, తర్వాత వారాల తరబడి చినుకు లేకపోవడం. సీజన్ చివర లెక్క తీస్తే 'సాధారణం' అనే వస్తుంది. మునిగిన నారుమడి, ఆ తర్వాత ఎండిన నారుమడి ఆ లెక్కలో కనిపించవు. దీనికి కారణం కొంతవరకు తెలుసు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కింద సముద్రమూ వేడెక్కుతోంది. కురిసే పరిస్థితి వచ్చినప్పుడు ఆ ఆవిరంతా ఒక్కసారే దిగుతుంది.

అపోహ: ఎల్ నినో వచ్చిందంటే కరువే.

పసిఫిక్ మహాసముద్రం నీళ్ళు మామూలు కంటే వేడెక్కే ఏడాదిని ఎల్ నినో ఏడాది అంటారు. కరువే అన్న మాట నైరుతి రుతుపవనాల విషయంలో చాలావరకు సరే. మన దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎల్ నినో ఏడాదిలో అక్టోబర్ తర్వాత దక్షిణ బంగాళాఖాతం మీదుగా తేమ నిండిన తూర్పు గాలులు బలపడే అవకాశం ఎక్కువ. అందుకే ఎల్ నినో సంవత్సరాల్లో ఈశాన్య వానలు బాగా పడే సందర్భాలే ఎక్కువ. 2015 గట్టి ఎల్ నినో ఏడాది. ఆ నవంబర్‌లో చెన్నైతో పాటు నెల్లూరూ మునిగింది. హిందూ మహాసముద్రంలో పడమటి భాగం తూర్పు భాగం కంటే వేడెక్కినప్పుడు కూడా మన వైపు వానలకు ఊతం దొరుకుతుంది.

మరి దీన్నే సూత్రంగా పట్టుకుని లా నినా (పసిఫిక్ నీళ్ళు చల్లబడే) ఏడాదిలో వరద రాదని ధైర్యంగా ఉండొచ్చా? 2021 చూడండి. అది లా నినా ఏడాది. నవంబర్‌లో అల్పపీడనాలు వరసపెట్టి వచ్చాయి, పెన్నా పొంగింది, నెల్లూరు, పడుగుపాడు మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. పసిఫిక్‌లో సముద్రం వేడి సీజన్ మొత్తం మొగ్గు ఎటో చెబుతుంది. ఫలానా వారంలో మీ చెరువు తెగుతుందా లేదా అనేది బంగాళాఖాతంలో అప్పటికప్పుడు పుట్టే అల్పపీడనం చేతిలో ఉంటుంది. జూన్‌లో వచ్చిన ఎల్ నినో వార్త చూసి రబీలో ఏ వరి రకం వేయాలో తేల్చుకునేవాళ్ళను చూశాను. అది తొందరపాటు.

అపోహ: తుపాను తీరం దాటే చోటే వాన.

మిచాంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటకముందు చెన్నై, నెల్లూరు తీరాల పక్కగా సముద్రంలోనే ఉత్తరానికి నడిచింది. ఆ నడకలోనే మనల్ని ముంచింది. తీరం దాటే చోటు పేరు చూసి ఊపిరి పీల్చుకోకూడదు. అది ఎటు నుంచి, ఎంత నెమ్మదిగా వస్తోందో చూడాలి.

దీనికి రెండో వైపు ఉంది. తుపాను మనకు ఉత్తరాన ఒడిశా వైపు పోతే, మన మీదికి గాలి భూమి వైపు నుంచి వీస్తుంది. సముద్రంలో తుపాను ఉండగానే కావలిలో ఎండ కాస్తుంది. "తుపానన్నారు, చినుకు లేదు" అని తిట్టు మాకు. తేమ లేని ఆ గాలితో ఆకాశం తేటపడి, రాత్రి ఉన్నట్టుండి చలి పెరుగుతుంది కూడా.

అపోహ: సైబీరియా చలి గాలులు మన దాకా వస్తున్నాయి.

వాట్సాప్‌లో ఏటా తిరిగే మాట ఇది. హిమాలయాలు అడ్డం ఉన్నాయి. పులికాట్‌కు వచ్చే వలస పక్షుల్లో కొన్ని ఆ కొండలు దాటి వస్తాయేమో గానీ, చలిగాలి దాటలేదు. మనకు తగిలేది ఉత్తర, మధ్య భారతంలో చల్లబడిన పొడి గాలి. అది కూడా ఇంత దూరం వచ్చేసరికి వాడి తగ్గుతుంది, పక్కన సముద్రం ఉండనే ఉంది. తీర ప్రాంతాల్లో శీతల గాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగాలి, పైగా ఆ రోజుకు ఉండాల్సిన దానికంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. జనవరిలో నెల్లూరు కనిష్ఠం మామూలుగా ఇరవైకి అటూ ఇటూ. ఎప్పుడో తప్ప అంత దిగదు.

రాత్రి చలి ఎంతన్నది ఎక్కువగా మబ్బు మీద ఆధారపడుతుంది. మబ్బు ఉంటే నేల వేడి పైకి పోకుండా దుప్పటిలా ఆపుతుంది. ఆకాశం తేటగా ఉంటే వేడంతా పోతుంది. అలాంటి ఒకటి రెండు రాత్రుల చలి చూసి భూమి వేడెక్కడం అబద్ధం అనేవాళ్ళకు ఒక్క మాట: 1901 నుంచి ఉన్న రికార్డుల్లో మన దేశానికి అత్యంత వేడి సంవత్సరం 2024.

అపోహ: మంచు పైనుంచి పడుతుంది.

అనడానికి 'మంచు పడింది' అంటాం గానీ అది నేల దగ్గరే పుడుతుంది. వాన పడి నేల తడిగా ఉండాలి, రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి ఆడకూడదు. తెల్లవారుజామున హైవే మీద లారీ వెనక లైటు కూడా కనపడని పొగమంచు ఇలాంటి రాత్రుల తర్వాతే. వరి రైతుకు ఇది హెచ్చరిక. రాత్రి చల్లగా, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే అగ్గి తెగులుకు అదును. పొద్దున గట్టు మీద నిలబడి చూస్తే సరిపోదు, మడిలో దిగి కింది ఆకులు తిప్పి చూడాలి. నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు మచ్చలుంటే పైపాటుగా వేసే యూరియా ఆపేయండి, వెంటనే వ్యవసాయ సహాయకుడికి చూపించండి.

అపోహ: శ్రీహరికోట రాకెట్ల వల్లే ఈ వానలు.

రాకెట్ మబ్బుల పొర దాటడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు. ఎండాకాలంలోనూ వదులుతారు, మరి అప్పుడు వానలేవి? నిజానికి వాతావరణం చూసుకునే వాళ్ళు రాకెట్ వదులుతారు.

అపోహ: ఫోన్‌లో చూపించేదే మా ఊరి ఉష్ణోగ్రత, వాన.

ఫోన్‌లో అంకె చాలావరకు కంప్యూటర్ లెక్క కట్టిన అంచనా, మీ ఊళ్ళో కొలిచింది కాదు. వాన కొలత విషయంలో ఇంకో తికమక ఉంది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30తో ముగుస్తుంది. మంగళవారం రాత్రి కురిసిన వాన బుధవారం లెక్కలోకి వెళుతుంది. పంట నష్టం కాగితాల్లో మంగళవారం తేదీ వేసి, ఆ రోజు వానే లేదని రాసి వచ్చిందని మండల ఆఫీసులో వాదనకు దిగేవాళ్ళు తక్కువేం కాదు. ముందు ఆ మర్నాటి రీడింగ్ అడగండి.