మీ రాజ్యంలో తాళాల గుత్తి ఎవరి దగ్గరుంది?

చిన్నీకీ, బుడ్డోడికీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో నోటు పుస్తకం కెమెరాకి మరీ దగ్గరగా పెట్టి చూపించావు, నాకు సగం మసగ్గానే కనపడింది గానీ సంగతి అర్థమైంది. నువ్వూ తమ్ముడూ కలిసి ఒక పాతకాలపు రాజ్యం కట్టారు. నది ఉంది, కోట ఉంది, రాజుకి మీసాలున్నాయి, సేనాపతికి ఏనుగుంది. మధ్యలో పెద్ద గుడి, గుడి ముందు ఒక పూజారి ఉత్తినే నిలబడి ఉన్నాడు. "తాతయ్యా, అందరికీ పనిచ్చాం, ఈయనకి ఏం పనివ్వాలి? తమ్ముడేమో గంట కొడతాడు, అంతే చాలంటున్నాడు" అన్నావు. సరిగ్గా అప్పుడే ఇక్కడ కరెంటు పోయింది. మళ్లీ ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్లో తేలే సంగతి కాదనిపించి కూర్చుని రాస్తున్నా. ముసురు పట్టి రెండ్రోజులైంది, నాకూ వేరే పని లేదు.

మీది మీరు కల్పించిన రాజ్యం, అందులో నేను వేలు పెట్టను. నిజంగా ఉన్న ఒక పాత రాజ్యంలో పూజారులు ఏం చేసేవాళ్లో చెప్తాను, నచ్చింది తీసుకోండి. ఆ రాజ్యం ఈజిప్టు. మీ బొమ్మలో నది కూడా ఉంది కాబట్టి సరిపోతుంది.

ఈజిప్టు గుడి అర్థం కావాలంటే ముందు మా నాయనమ్మ గురించి తెలియాలి. నవ్వకండి. మా ఇంట్లో తాతయ్య గొంతు పెద్దది, పెత్తనం మాత్రం నాయనమ్మది, ఎందుకంటే తాళాల గుత్తి ఆమె నడుం దగ్గర వేలాడేది. ధాన్యం గాదె, బెల్లం, చింతపండు, ఊరగాయ జాడీలు అన్నీ ఒకే కొట్టుగదిలో ఉండేవి. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో, ఏ కార్తెలో విత్తనం నానబెట్టాలో ఆమెకే తెలియాలి. ఎవరు ఎన్ని కుంచాల ధాన్యం బదులు తీసుకెళ్లారో కొట్టుగది గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. చదువు రాదు. ఆ గీతలు ఆమెకి తప్ప ఇంకొకరికి అర్థమయ్యేవి కావు. పండగ రోజు మడి కట్టుకుంటే మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. ఇప్పుడు ఈ నాయనమ్మని పదింతలు, నూరింతలు చేసి ఆమె చుట్టూ రాతి గోడలు కట్టండి. ఈజిప్టు గుడి వచ్చేస్తుంది.

మడి సంగతి ముందు చూడండి. హెరోడొటస్ అని ఒక గ్రీకు యాత్రికుడు ఆ దేశం చూసొచ్చి రాశాడు. పూజారులు పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేసేవాళ్లట. నార బట్టలే తప్ప ఉన్ని ముట్టేవాళ్లు కాదట, రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకునేవాళ్లట. (మా నాయనమ్మతో పోలిక ఇక్కడ కాసేపు ఆపుదాం, ఆమె జుట్టు జోలికి వెళ్తే నాకు ఇప్పటికీ భయమే.)

తెల్లవారుతుండగా పెద్ద పూజారి లోపలి గదికి వెళ్లేవాడు. దేవుడి మందిరం తలుపుకి ముందు రోజు వేసిన మట్టి ముద్ర ఉంటుంది, దాన్ని పగలగొట్టి, పాట పాడి దేవుణ్ణి లేపి, శుభ్రం చేసి, బట్టలు మార్చి, ముందు భోజనం పెట్టేవాడు. తలుపు మళ్లీ మూసి ముద్ర వేసి వెనక్కి వస్తూ వస్తూ, నేల మీద పడిన తన అడుగుల గుర్తుల్ని చీపురుతో చెరిపేసేవాడు. నాకు అన్నింటికంటే ఇదే నచ్చింది. గదిలోకి ఎవరూ రానట్టే ఉండాలన్నమాట. మామూలు జనాన్ని ఆ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పండగల్లో దేవుణ్ణి పడవలాంటి పల్లకీలో పెట్టి భుజాల మీద మోసుకుని బయటికి తెస్తే అప్పుడే దర్శనం, మన ఊళ్లో ఉత్సవ విగ్రహం వచ్చినట్టు. ఆ ఊరేగింపులో జనం దేవుణ్ణి ప్రశ్నలు కూడా అడిగేవాళ్లు, నా గాడిదని దొంగిలించింది వీడేనా అని. పల్లకీ ముందుకి కదిలితే అవును, వెనక్కి తగ్గితే కాదు. మోసేది పూజారులే కదా తాతయ్యా అంటావు నువ్వు. నేనూ అదే అంటాను.

దేవుడి ముందు పెట్టిన రొట్టెలు, మాంసం, ఏటి బాతులు తర్వాత ఏమయ్యేవి? దేవుడు తన వంతు ఆరగించాక అదే భోజనాన్ని పూజారులకీ, గుడి పనివాళ్లకీ పంచేవాళ్లు. ప్రసాదమే, కాకపోతే జీతం కూడా అదే. ఇంకో సంగతి, వాళ్లలో ఎక్కువమంది ఏడాది పొడుగునా పూజారులు కారు. నాలుగు జట్లుగా విడిపోయి నెలకొక జట్టు వంతున చేసేవాళ్లు. ఒక నెల గుడిలో, మూడు నెలలు ఇంటి దగ్గర. ఆ మూడు నెలలూ పొలం పనో, లెక్కలు రాసే పనో, వడ్రంగమో. కాబట్టి మీ బొమ్మలో పూజారికి ఒక పొలం కూడా గీయొచ్చు. ఆడవాళ్లు ఉండేవాళ్లా అని నువ్వెలాగూ అడుగుతావు. ఉండేవాళ్లు. థీబ్స్ అనే నగరంలో పెద్ద దేవుడు అమున్, అక్కడ 'అమున్ దేవుడి భార్య' అనే పదవి ఉండేది, ఒక కాలంలో రాజుగారి కూతుళ్లే ఆ పదవిలో ఉండి అక్కడ చక్రం తిప్పారు.

గుడి వెనక గాదెలుండేవి. రెండవ రామ్సెస్ అనే రాజు కట్టించిన గుడి చుట్టూ మట్టి ఇటుకలతో కట్టిన పొడవాటి కొట్లు, కమాను కప్పులతో సహా కొన్ని ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, మూడు వేల ఏళ్లు దాటినా. పొలాలు గుడివి, పశువులు గుడివి, పడవలు గుడివి. మూడవ రామ్సెస్ గుళ్లకి ఏమేం ఇచ్చాడో రాసిన పట్టీ ఒకటి దొరికింది, దాని పొడవు 40 మీటర్ల పైనే. ఆ కాలంలో డబ్బు లేదు, జీతమంటే ధాన్యమే. గాదె తాళం ఎవరి చేతిలో ఉంటే పొయ్యిలో నిప్పు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి.

నాకు పదేళ్లప్పుడు నాయనమ్మ వాళ్ల చెల్లెలి ఊరికి పెళ్లికి వెళ్లింది, బండెక్కే హడావుడిలో తాళాల గుత్తి నడుముకే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే పాలేరు ధాన్యం కోసం వచ్చాడు. ఆ రోజు కొలిచి ఇవ్వాల్సిన రోజు. మా నాన్న తలుపు దగ్గరికి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. తాళం పగలగొట్టే ధైర్యం లేదు, అది అమ్మ తాళం. పాలేరు ఏమీ అనలేదు. గోనెసంచి మడిచి పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నిష్ఠూరమాడితే బాగుండేది, ఊరికే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా చూసి నాన్న నన్ను సైకిలు మీద పంపాడు, నాకు సీటు అందదు, కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కుకుంటూ మూడు కోసుల దూరం వెళ్లాను. పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చున్న నాయనమ్మ నన్ను చూడగానే చెయ్యి నడుం మీద వేసుకుంది. అంతే, ముఖం మారిపోయింది. "వాడు పొద్దున్నుంచీ కూర్చున్నాడా?" అనడిగి అలాగే లేచేసింది. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాం. ఆమె తలుపు తీసి, తానే కుంచం పట్టుకుని "లాభం... రెండు... మూడు..." అని కొలిచింది. మన వైపు కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు. ఆ రోజు మూడు కుంచాలు ఎక్కువే కొలిచిందని అమ్మ తర్వాత చెప్పింది. మళ్లీ ఎప్పుడు ఊరెళ్లినా గుత్తి అమ్మ చేతిలో పెట్టి వెళ్లేది.

ఇప్పుడు ఈజిప్టు చూడండి. మూడవ రామ్సెస్ రాజైన 29వ ఏట, అంటే ఇంచుమించు క్రీ.పూ. 1157లో, రాజుల సమాధులు చెక్కే పనివాళ్లకి ధాన్యం రాలేదు. ఇవాళ రేపు అంటూ నెలలో 18 రోజులు గడిచిపోయాయి. వాళ్లు పనిముట్లు కింద పెట్టి నడుచుకుంటూ వెళ్లి రాజుల గుళ్ల దగ్గర కూర్చున్నారు. ఒక రోజు ఒక గుడి, మర్నాడు ఇంకో గుడి, ఇందాక నేను గాదెలున్నాయని చెప్పానే, ఆ గుడి కూడా. ఆకలేస్తే దాహమేస్తే వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, రాజుగారికి రాయండి అన్నారు. ఆ మాటల్ని అప్పటి లేఖకుడు రాసిపెట్టిన కాగితం ఇప్పుడు ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉంది. లోకంలో రాతలో మిగిలిన మొదటి సమ్మె ఇదే అంటారు. చివరికి ధాన్యం ఇచ్చారు, మళ్లీ ఆలస్యం చేశారు, మళ్లీ కూర్చున్నారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా మా అరుగే కనపడుతుంది.

అందుకని తాళం పట్టుకున్నవాళ్లు ఎక్కడికైనా వెళ్లేముందు ఇంకొకరికి ఇచ్చి వెళ్లాలి. ఇది మీ నాన్నకి కూడా చెప్పండి, స్కూటర్ తాళం జేబులో వేసుకుని ఆఫీసుకి పోతాడు.

పూజారులంతా మంచివాళ్లేమీ కాదు, అంతా చెడ్డవాళ్లూ కాదు. గాదెలు నిండే కొద్దీ బలం పెరిగింది. అఖెనాతెన్ అనే రాజు అమున్ దేవుడి పూజలే మాన్పించాడు. అతను పోగానే మళ్లీ అన్నీ మామూలే. ఆ తర్వాత ఇంచుమించు రెండున్నర శతాబ్దాలకి హెరిహోర్ అనే పెద్ద పూజారి, రాజులు మాత్రమే తమ పేరు చుట్టూ గీసుకునే సున్నాలాంటి గీతని తన పేరు చుట్టూ గీయించేసుకున్నాడు. తమ్ముడు నీ కుర్చీలో కూర్చున్నట్టు.

ఇక గంట సంగతి. బుడ్డోడు పూర్తిగా తప్పు చెప్పలేదు. గుడి కప్పు మీద రాత్రంతా కూర్చుని చుక్కలు చూసి గంటలు లెక్కపెట్టే పూజారులు ఉండేవాళ్లు. గంట కొట్టడం కాదు, గంటలు లెక్కపెట్టడం. ఆకాశంలో అన్నింటికంటే బాగా మెరిసే చుక్క సిరియస్, మన పంచాంగాల్లో మృగవ్యాధుడు అంటారు. అది ఏటా సుమారు 70 రోజులు కనపడకుండా పోయి, ఒకరోజు సూర్యుడికి కాస్త ముందు తూర్పున మళ్లీ మెరిసేది. అంటే ఈజిప్టు నది నైలుకి వరదొచ్చే వేళైంది. వరదొస్తే పొలాల్లో ఒండ్రు, ఒండ్రు ఉంటే పంట. నది ఒడ్డున మెట్లు కట్టి, గీతలు పెట్టి నీటిని మూరల్లో కొలిచేవాళ్లు. రోమన్ల కాలంలో ఒకాయన రాశాడు: 12 మూరలైతే ఆకలి, 14 అయితే ఊరట, 16 అయితే సంబరం.

వాళ్ల ఏడాదికి 12 నెలలు, నెలకి 30 రోజులు, చివర 5 రోజులు. నిజం ఏడాది దానికంటే పావు రోజు పెద్దది, అందుకని నాలుగేళ్లకొక రోజు చొప్పున పండగలు తమ కాలం నుంచి పక్కకి జరిగిపోతుండేవి. క్రీ.పూ. 238లో పూజారులే ఒకచోట కూడి, నాలుగేళ్లకొక రోజు కలుపుదామని రాతి మీద చెక్కించారు. ఎవరూ పట్టించుకోలేదు. రోమన్లు వచ్చి పట్టుబట్టే దాకా పాత లెక్కే.

చివరి కాలానికి బొమ్మల రాత కూడా వాళ్ల చేతిలోనే మిగిలింది. ఆ బొమ్మల రాత నేర్పేదీ రాసేదీ గుడిలోనే. గుళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాక రాసేవాళ్లు తగ్గిపోయారు. ఫిలే అనే ద్వీపంలో గుడి గోడ మీద ఒక పూజారి 394వ సంవత్సరంలో చెక్కించిన రాతే మనకి దొరికినవాటిలో చివరిది. ఆ తర్వాత ఆ గోడల్ని చూసినవాళ్లే తప్ప చదివినవాళ్లు లేరు, 1,400 ఏళ్లకు పైగా. మా నాయనమ్మ పోయిన ఏడు సంక్రాంతికి కొట్టుగదికి సున్నం వేశాం. వేసేముందు నాన్న ఆ బొగ్గు గీతల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏ గీత ఎవరిదో తెలియదు. సున్నం వేసేశాం.

ఈజిప్టు వాళ్ల గీతలకి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 1799లో ఈజిప్టులోనే రోసెట్టా అనే ఊరి దగ్గర ఒక రాయి దొరికింది, ఒకే సంగతి మూడు రాతల్లో ఉంది, అందులో ఒకటి గ్రీకు. దాని సాయంతో 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ బొమ్మల రాతని చదివేశాడు. ఇంతకీ ఆ రాయి మీద ఏముందో తెలుసా? క్రీ.పూ. 196లో పూజారులు కూడి చేసిన తీర్మానం. రాజుగారు మా గుళ్లకి పన్నులు తగ్గించారు, ఇది ఇచ్చారు, అది ఇచ్చారు అని. ఇంటి తాళం చెవి పోగొట్టుకున్న ముసలాళ్లు, మారు చెవిని చూరులో దోపి మర్చిపోయినట్టు.

ఇదంతా కాగితం మీద చదివితే ఏం లాభం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది, నిజాం కాలంలో మన దగ్గరికి వచ్చింది. మీ ఇంటికి దగ్గరే, ఆదివారం అమ్మని తీసుకెళ్లమనండి. అద్దానికి ముక్కు ఆనించొద్దు. నైలు దగ్గర పుట్టిన మనిషి నాంపల్లిలో పడుకుని ఉండటం ఏమిటో, నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఏం అనుకోవాలో తెలియలేదు.

రెండోది, ముసురు వదలగానే, ఈ ఆగస్టు చివర్లో ఏదో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మేడ మీదికి వెళ్లండి. తూర్పున కాస్త దక్షిణం వైపు చూస్తే వరసగా మూడు చుక్కలు నిలబడి ఉంటాయి. ఆ వరసని కిందికి సాగదీసుకుంటూ వెళ్తే తళతళమని ఒకటి తగులుతుంది, అదే సిరియస్. టార్చ్ పట్టుకెళ్లొద్దు, ఫోన్ అసలు వద్దు. తమ్ముడు లేవకపోతే ముఖం మీద నీళ్లు చల్లు, చన్నీళ్లే, ఈజిప్టు పూజారుల లెక్కలో అది మొదటి స్నానం అని చెప్పు. ఇద్దరూ చూశాక మీ పూజారికి ఏం పనిచ్చారో, తాళాలు ఎవరికిచ్చారో నాకు రాయండి. బొమ్మ ఈసారి కెమెరాకి కొంచెం దూరంగా పెట్టండి.

మీ తాతయ్య