గుర్రం కాలి గాయానికి కట్టు: బిగుతు గురించిన అపోహ

"గట్టిగానే కట్టామండీ డాక్టరుగారూ, అయినా వాపు దిగలేదు." చెన్నైలో గుర్రాలకు వైద్యం చేసే నాకు మెరీనాలో సవారీ గుర్రాలు నడిపేవారి నుంచీ, పెళ్లి గుర్రాల వారి నుంచీ ఈ మాట వినబడని నెల ఉండదు. గట్టిగా కట్టినందువల్లనే వాచిందంటే మాత్రం ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

మోకాలి దిగువన గుర్రానికి కండ ఉండదు; ఎముక, దాని వెనుక సైసులు (గుర్రాలను చూసుకునేవారు) నరాలని పిలిచే స్నాయువులు, పైన పలుచని చర్మం, అంతే. అందువల్ల కట్టు ఒత్తిడిని పంచుకోవలసిన మెత్తదనాన్ని మనమే దూదితో సమకూర్చాలి. గాయానికి అంటుకోని డ్రెస్సింగ్ వేసి, గాజుగుడ్డతో నిలిపి, చుట్టూ దూదిని ముడతల్లేకుండా మందంగా పరచి, ఆపైన క్రేప్ బ్యాండేజీని ప్రతి చుట్టూ ముందరి చుట్టును సగం కప్పేలా ఒకే బిగుతుతో చుట్టాలి. పైనా కిందా దూది కొంచెం బయటికి కనబడాలి, పై అంచులోకి వేలు దూరాలి.

ఒకసారి ఒక కుర్రవాడు తన ఆడగుర్రానికి దూది లేకుండా క్రేప్ చుట్టి, పైన గుడ్డ నాడాతో బిగించి, రెండు రోజులు విప్పలేదు. నేను కత్తిరించి చూస్తే చర్మం మీద బ్యాండేజీ నేత వరుసవరుసగా అచ్చు పడి ఉంది. అసలు గాయం రెండంగుళాలే. వెనుక వైపు చచ్చి ఊడిన చర్మం మానడానికి నెలలు పట్టింది. రక్తం ఆగదేమోనన్న భయంతో నిద్ర లేకుండా కూర్చున్న అతణ్ణి కోప్పడడానికి నాకు నోరు రాలేదు. రక్తం ఊరుతుంటే కట్టు విప్పకుండా, బిగించకుండా, దాని మీదే మరో వరుస దూది, మరో బ్యాండేజీ వేయాలి.

సముద్రపు నీళ్లలో నిలబెడితే గాయం మానుతుందనేది మరో అపోహ. ఆ నీటి ఉప్పు సెలైన్‌కు దాదాపు నాలుగు రెట్లు, ఇసుక అదనం. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు చాలు. గాయంలో చర్మం కన్నా పైకి ఉబ్బి పెరిగే దుర్మాంసం మీద మైలుతుత్తం చల్లితే మంచి చర్మమూ కాలుతుంది. దుర్మాంసాన్ని డాక్టరు కోసి తీయాలి. కీలు దగ్గరి గాయం చిన్నదైనా, గుర్రం కుంటకపోయినా, జిగురైన పసుపు నీరు కారితే ఆ రోజే చూపించండి. ధనుర్వాతం సూది ఎలాగూ తప్పదు.

కట్టిన గంటలోపు గుర్రం కట్టును కొరుకుతున్నా, కాలు నేలకేసి తాటిస్తున్నా, పొగరనుకొని అదిలించకుండా విప్పి, దూది పెంచి మళ్లీ కట్టండి.