పోలీసు కాల్పులు, మొదటి రోజు వార్త

2015 ఏప్రిల్ 7న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకే రోజు పాతిక మంది పోలీసు తూటాలకు చనిపోయారు. చిత్తూరు జిల్లా శేషాచలం అడవుల్లో ఇరవై మంది. వాళ్ళంతా ఎర్రచందనం కొట్టడానికి వచ్చిన తమిళనాడు కూలీలని చెప్పారు. నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర మరో ఐదుగురు. వాళ్ళు వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న విచారణ ఖైదీలు. శేషాచలంలో కూలీలు రాళ్ళతో, గొడ్డళ్ళతో మీద పడ్డారని పోలీసులు చెప్పారు. ఆలేరులో ఖైదీ ఒకడు తుపాకీ లాక్కోబోయాడన్నారు. రెండుచోట్లా కారణం ఒకటే, ఆత్మరక్షణ.

అయితే ఆలేరు వ్యాను లోపల తీసిన ఫోటోలు బయటికొచ్చాయి. సీట్లో ఒరిగిపోయిన శవం, చేతికి బేడీ, అదే చేతి దగ్గర తుపాకీ. బేడీలతో సీటులో కూర్చున్న మనిషి సాయుధ పోలీసుల నుంచి తుపాకీ ఎలా లాక్కున్నాడని చూసినవాళ్ళంతా అడిగారు. ఫోటో లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. ప్రెస్ నోట్‌లో ఉన్నదే మర్నాడు పేపర్లో వచ్చేది, ఆ తర్వాత మరిచిపోయేవాళ్ళం.

తెలుగు నేల మీద పోలీసు హింస చరిత్రలో ఇదే ముఖ్యమైన సంగతి అని నా అభిప్రాయం. ఎంతమంది చనిపోయారు, ఎందుకు చనిపోయారు అన్నది మొదటి రోజు చెప్పేది కాల్చినవాళ్ళే. అది తప్పని తేల్చే నివేదిక వచ్చేసరికి నెలలో, ఏళ్ళో గడిచిపోతాయి. అప్పటికి విలేకరులు వేరే వార్తల మీద ఉంటారు.

దీని మూలాలు మన పోలీసు స్టేషన్ల కన్నా పాతవి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు శిస్తు వసూలు, పోలీసు పని దాదాపు ఒకే చేతిలో ఉండేవి. రైతుల్ని చిత్రహింసలు పెట్టి శిస్తు వసూలు చేస్తున్నారని 1854లో బ్రిటిష్ పార్లమెంటులో గొడవ లేచింది. కంపెనీ సర్కారు విచారణ సంఘం వేసింది. 1855లో వచ్చిన నివేదికలో ఆ పద్ధతులు పేర్లతో సహా ఉన్నాయి. చెక్కల మధ్య వేళ్ళు పెట్టి నొక్కడాన్ని కిట్టీ అనేవాళ్ళు. మనిషిని వంచి మెడను కాళ్ళకు తాడుతో కట్టి ఎండలో ఉంచడం ఇంకొకటి. ఇవి రోజూ జరిగేవేనని సంఘం ఒప్పుకుంది. తప్పు మాత్రం కింది స్థాయి నేటివ్ ఉద్యోగులదేననీ, దొరలకు ఇందులో చేయి లేదనీ తేల్చింది. రెండేళ్ళ తర్వాత, సిపాయిల తిరుగుబాటు రోజుల్లో, సిపాయిల క్రూరత్వం గురించి ఇంగ్లండు పత్రికలు పేజీలు నింపుతుంటే, కార్ల్ మార్క్స్ ఈ నివేదికనే తీసుకుని న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో వ్యాసం రాశాడు. ఇవాళ ఎక్కడైనా లాకప్ డెత్ జరిగితే ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు సస్పెండవుతారు, పైవాళ్ళ దాకా పోదు. ఆ అలవాటుకు వయసు నూట డెబ్బై ఏళ్ళు.

1857 భయంలోంచి పుట్టినదే 1861 పోలీసు చట్టం. ఐర్లాండులో తిరుగుబాట్లు అణచడానికి పెట్టిన దళం దానికి నమూనా. ప్రజలకు జవాబు చెప్పుకునే ఏర్పాటు అందులో లేదు. పోలీసులు అవినీతిపరులు, పీడకులు అని జనం అనుకుంటున్నారని 1902-03లో బ్రిటిష్ సర్కారు వేసిన ఫ్రేజర్ పోలీసు కమిషనే రాసింది. స్వాతంత్ర్యం వచ్చింది, చట్టం మారలేదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణల మీద ఏడు ఆదేశాలు ఇచ్చింది. వాటిని పూర్తిగా అమలు చేసిన రాష్ట్రాన్ని వేలెత్తి చూపించడం కష్టం.

ఎమర్జెన్సీ నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 'ఎదురుకాల్పులు' పేపర్లలో మామూలు వార్త అయిపోయాయి. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు అలాగే చనిపోయారు. అప్పుడు సెన్సారు ఉంది కాబట్టి పేపర్లను అనడానికి లేదు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ ప్రోద్బలంతో ఏర్పడిన తార్కుండే కమిటీ ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు సేకరించి, అవి ఎదురుకాల్పులు కావని చెప్పింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేయక తప్పలేదు. సాక్షుల్ని కన్నబిరాన్ లాంటి లాయర్లు బహిరంగంగా విచారిస్తున్న కొద్దీ పోలీసుల కథలో చిల్లులు బయటపడసాగాయి. మిగతా విచారణ తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ కమిషన్ పని మధ్యలోనే ఆగిపోయింది.

1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్ ముందు జరిగింది వేరే రకం. రాత్రిపూట సినిమా చూసి వస్తున్న దంపతుల్ని పోలీసులు పట్టుకున్నారు. భార్య మీద స్టేషన్‌లో అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే భర్త దెబ్బలకు చనిపోయాడు. జనం శవాన్ని స్టేషన్ ముందు పెట్టి ధర్నా చేశారు. నగరమంతా అట్టుడికింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చింది. కేసు మాత్రం రాయచూరు కోర్టుకు బదిలీ అయి 1981లో కొట్టేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఆమె శీలం మీదే నడిచింది. ఆ వాదనలే వార్తలయ్యాయి. చనిపోయిన మనిషి నడవడిక గురించి ఇన్‌స్పెక్టర్ చెప్పింది రాసేయడం ఇప్పటికీ పోలేదు.

ఇంద్రవెల్లి దగ్గర కాస్త ఆగాలి. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో సోమవారం సంత. గిరిజన రైతు కూలీ సంఘం అదే రోజు సభ పెట్టుకుంది. అడవి పోడుకు పట్టాలు కావాలి, షావుకార్లు లాక్కున్న భూములు తిరిగి ఇప్పించాలి, అవీ డిమాండ్లు. ముందు అనుమతి ఇచ్చి చివర్లో రద్దు చేశారు, 144 సెక్షన్ పెట్టారు. గూడేల్లో ఆ కబురు ఎవరికి తెలుస్తుంది? సభకు వచ్చేవాళ్ళు, ఉప్పు పప్పు కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళు అందరూ ఒకే దారుల్లో ఇంద్రవెల్లికి నడిచారు. అక్కడ పోలీసులు ఆపారు, తోపులాట జరిగింది, ఒక పోలీసు చనిపోయాడు, తుపాకులు పేలాయి. గోండులు గుంపుగా ఉన్న చోట కాల్పులు జరిగాయి.

అంజయ్య ప్రభుత్వం చెప్పిన లెక్క పదమూడు మంది. హక్కుల సంఘాల లెక్క అరవైకి పైనే. ఇంత తేడా ఎందుకో ఊహించడం కష్టం కాదు. తూటా తగిలినవాడు ఆసుపత్రికి వెళ్తే కేసు పెడతారు. అందుకని వాగులు దాటి గూడేలకే వెళ్ళిపోయారు, అక్కడ పోయినవాళ్ళు పోయారు. ఆసుపత్రి రిజిస్టరులో లేని శవం సర్కారు లెక్కలో ఉండదు, సర్కారు లెక్కలో లేనిది పేపర్లోకి రాదు. పదమూడు అన్న అంకె ఇప్పటికీ 'అధికారిక లెక్కల ప్రకారం' అన్న మాటతో బతికే ఉంది.

ఆ రెండో లెక్కను నిలబెట్టింది స్తూపం. 1983లో కట్టారు, 1986లో ఎవరో పేల్చేశారు, మరుసటి ఏడాది ప్రభుత్వమే మళ్ళీ కట్టించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రతి ఏప్రిల్ 20న అదే స్తూపం దగ్గరికి ఎవరూ రాకుండా ప్రభుత్వమే 144 సెక్షన్ పెట్టింది! తను కట్టించిన స్తూపానికి తనే కాపలా. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. హైదరాబాద్ గన్‌పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపమూ ఇలాంటిదే. 369 మంది చనిపోయారన్న ఉద్యమకారుల అంకెను ప్రభుత్వ లెక్కలు ఏనాడూ ఒప్పుకోలేదు.

టీవీలు వచ్చాక పరిస్థితి కొంత మారింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద ప్రతిపక్షాల చలో అసెంబ్లీ బషీర్‌బాగ్ చేరినప్పుడు వాటర్ కెనన్లు, గుర్రాల మీద పోలీసులు, లాఠీలు, చివరికి తూటాలు. ముగ్గురు పోయారు. అది రాజధాని నడిబొడ్డు కావడం, కెమెరాలు ఉండటం వల్ల ఆ రోజును ఎవరూ దాచలేకపోయారు. తెలుగుదేశం ప్రభుత్వానికి ఆ మచ్చ 2004 ఎన్నికల దాకా వదల్లేదు.

2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాట బంద్. పల్లెటూరి రోడ్డు మీద ఏకే-47తో కాల్చడం న్యూస్ చానెళ్ళలో మళ్ళీ మళ్ళీ వేశారు. ఏడుగురు చనిపోయారు. కాల్పుల ముందు హెచ్చరించాలి, ముందు బాష్పవాయువు వాడాలి, కాల్చక తప్పకపోతే నడుం కిందికే గురి పెట్టాలి లాంటి నిబంధనల గురించి ఆ ఫుటేజీ చూశాక ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. బషీర్‌బాగ్‌లో ప్రతిపక్షంగా గుండెలు బాదుకున్న కాంగ్రెస్ ఇప్పుడు అధికారంలో ఉంది, అప్పుడు సమర్థించుకున్న తెలుగుదేశం ఇప్పుడు గుండెలు బాదుకుంది. పత్రికలూ చానెళ్ళూ వాటి వెంటే నడిచాయి. ఏ పేపరు ఎటువైపో తెలుగు పాఠకుడికి హెడ్డింగు చూస్తేనే తెలిసిపోతుంది కదా. 2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద కాల్పులు జరిగిన రోజే ఢిల్లీలో ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. కొన్ని నెలలకే అదే జిల్లా కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. 2010 ఫిబ్రవరిలో ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులతో పాటు కెమెరామెన్‌లకూ లాఠీ దెబ్బలు పడ్డాయి.

అయినా మొదటి రోజు వార్త పోలీసుల చేతిలోనే ఉండటానికి ఒక కారణం జీతాలు. మండల విలేకరికి చాలాచోట్ల జీతం ఉండదు. రాసిన లైన్లకో, పంపిన క్లిప్పులకో కాస్త డబ్బు వస్తుంది, మిగతాది యాడ్స్ కమీషన్. రోజూ వార్త కావాలంటే స్టేషన్‌కి వెళ్ళాలి. దొంగతనం, యాక్సిడెంటు, పేకాట అన్నీ ఎస్సై దగ్గరే దొరుకుతాయి. ఆ ఎస్సై మీద లాకప్‌లో కొట్టాడన్న ఆరోపణ రాస్తే మర్నాటి నుంచి ఆ తలుపు మూసుకుపోతుంది. పైగా ఆ విలేకరి ఉండేది అదే ఊళ్ళో. హైదరాబాద్ డెస్కులో కూర్చుని 'ధైర్యంగా రాయాలి' అనడం తేలిక.

2019లో పరిస్థితి ఎవరూ అనుకోని మలుపు తిరిగింది. నవంబర్ 27న శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య. ఆమె కనబడటం లేదని వెళ్ళిన ఇంటివాళ్ళకు ఇది మా పరిధి కాదన్నారు, ఎఫ్ఐఆర్ ఆలస్యమైంది, ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నవంబర్ 30న షాద్‌నగర్ స్టేషన్‌ను జనం ముట్టడించారు, చెప్పులు విసిరారు, లాఠీచార్జి జరిగింది. అప్పటికి కోపం పోలీసుల మీద కూడా ఉంది. రాజ్యసభలోనే నిందితుల్ని జనంలోకి తెచ్చి కొట్టి చంపాలన్నారు. టీవీ చర్చల్లో పోలీసుల నిర్లక్ష్యం మాట తగ్గుతూ, ఉరి ఎప్పుడు అన్న మాట పెరుగుతూ పోయింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ చనిపోయారు. పిస్టళ్ళు లాక్కుని కాల్చబోయారని పోలీసుల కథనం. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు తినిపించారు, రాఖీలు కట్టారు. వారం తిరగకుండా చెప్పులు పూలయ్యాయి! ఫోన్లలో, చానెళ్ళలో రోజంతా అదే తిరిగింది. 2008లో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడూ ఇలాగే చప్పట్లు కొట్టారు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటపడింది. నిందితుల్ని చంపాలనే కాల్చారని, పిస్టళ్ళు లాక్కున్న కథ నమ్మదగినది కాదని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. ఆ విషయం హైకోర్టుకు వెళ్ళింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది ఆ నివేదిక సంగతి విన్నారో?

చట్టం వైపు నుంచి పోరాటం ఆగలేదు. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అనీ, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది. ఏళ్ళ తరబడి బాలగోపాల్, ఇతర పౌరహక్కుల లాయర్లు పట్టుబట్టి సాధించిన తీర్పు అది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంది. 2014లో సుప్రీంకోర్టు తనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదన్నది అందులో ఒకటి.

ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్ సహా, సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎక్కువ చోట్ల ఏదైనా గొడవ జరిగిన రోజున అవి పనిచేయవు. 2025 సెప్టెంబర్‌లో కోర్టు దీన్ని తనంతట తనే మళ్ళీ విచారణకు తీసుకుంది. రాజస్థాన్‌లో ఆ ఏడాది కస్టడీలో పదకొండు మంది చనిపోయారని ఒక హిందీ దినపత్రిక రాసిన వార్త అందుకు కారణం. ఒక్కొక్కటిగా వచ్చి పోయిన చావుల్ని ఆ పత్రిక ఒకచోట పెట్టి లెక్కపెట్టింది, అంతే.