క్రోమోజోము నడుమును గుర్తుంచుకునే ప్రోటీన్

బఠానీ మొక్కకూ ఆవుకూ పోలిక ఎక్కడ? కానీ రెండింటి కణాల్లోనూ హెచ్4 అనే హిస్టోన్ ప్రోటీన్ ఉంటుంది. అందులోని 102 అమైనో ఆమ్లాల్లో ఈ రెండు జీవులకూ తేడా వచ్చేది రెండు చోట్లే. డీఎన్ఏ చుట్టుకునేది హిస్టోన్ల మీదే. నాలుగు రకాలు, రెండేసి చొప్పున ఎనిమిది కలిసి ఒక ముద్దగా ఏర్పడితే, దాని చుట్టూ సుమారు 147 అక్షరాల పొడవున డీఎన్ఏ తిరుగుతుంది. ఇంత మౌలికమైన పని కాబట్టి వంద కోట్ల ఏళ్లకు పైగా కాలం గడిచినా హిస్టోన్లు పెద్దగా మారలేదు.

ఒక్క చోట మాత్రం ఈ నియమం తప్పుతుంది. క్రోమోజోము నడుము దగ్గర, అంటే సెంట్రోమియర్‌లో, ఆ నాలుగు రకాల్లో ఒకటైన మామూలు హెచ్3 స్థానంలో సెన్‌హెచ్3 అనే ప్రత్యేక హిస్టోన్ కూర్చుంటుంది. దీని తోక భాగం ఒక మొక్కలో ఉన్నట్టు మరో మొక్కలో ఉండదు, చాలా వేగంగా మారిపోతూ ఉంటుంది.

హనుమకొండ కాలేజీల్లో బోటనీ చదివినవాళ్లు ఉల్లి వేరు కొనకు ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజు పలక మీద నలిపి మైక్రోస్కోపులో చూసే ఉంటారు. ఉల్లి కణంలో 16 క్రోమోజోములు. ముందే రెట్టింపైన అవి అనాఫేజ్ దశలో విడిపోయి చెరో వైపుకు వెళ్తున్నప్పుడు మధ్యలో వంగి, చేతులు వెనక్కి వేలాడుతూ కనిపిస్తాయి. కణం విడిపోయేటప్పుడు ఏర్పడే కండె పోగులు (స్పిండిల్ ఫైబర్లు) వాటిని నడుము దగ్గర పట్టి లాగుతున్నాయి కాబట్టే ఆ వంపు. ఆ పట్టు దొరకని క్రోమోజోము కణంలో వెనకబడి పోతుంది. రెండు చోట్ల పట్టు పడితే లాగుడుకు తెగిపోతుంది. సెన్‌హెచ్3 ఉన్న చోటే పట్టు కుదురుతుంది.

మరి ఆ చోటును ఎవరు నిర్ణయిస్తారు? డీఎన్ఏ అక్షరాలే అనుకుంటాం. వరి సెంట్రోమియర్‌లో 155 అక్షరాల ముక్క ఒకటి పదే పదే వస్తుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో అది 178 అక్షరాల వేరే ముక్క. కానీ మొక్కజొన్నలో ఇలాంటి ముక్కలు ఉండి కూడా సెంట్రోమియర్ పని ఆగిపోయిన క్రోమోజోములు దొరికాయి. అవి లేని చోట కొత్త సెంట్రోమియర్ పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. అంటే అక్షరాలు ఒక్కటే చాలవు. డీఎన్ఏ రెట్టింపైనప్పుడు పాత సెన్‌హెచ్3 రెండు ప్రతులకూ పంచుకుపోతుంది. మొక్కల్లో ఎక్కువగా విభజనకు కాస్త ముందు కొత్తది వచ్చి, పాతది ఉన్న చోటనే చేరి లోటు పూడుస్తుంది. ప్రోటీన్ ఉన్న చోటు చూసి ప్రోటీన్ చేరుతుంది, తరం నుంచి తరానికి ఆ గుర్తు నిలుస్తుంది. వారసత్వమంతా డీఎన్ఏ అక్షరాల్లోనే ఉందని చదువుకున్న మనకు ఇది నిజంగా కొత్త పాఠం.

పత్తి చేలో రైతును విసిగించే తుంగ సంగతి ఇంకా వింత. తుంగ కుటుంబపు మొక్కల క్రోమోజోముకు నడుమే ఉండదు. పట్టు పొడవునా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఉల్లిలో చూసిన వంపు ఇక్కడ రాదు. క్రోమోజోము రెండుగా తెగినా ఏ ముక్కకు ఆ ముక్క సరిగ్గా పంపకమవుతుంది. ఆ కుటుంబంలో క్రోమోజోముల సంఖ్య జాతి జాతికీ విపరీతంగా మారడానికి ఇదొక కారణం. (పీకినా మళ్లీ మొలవడానికి కారణం మాత్రం ఇది కాదు, భూమిలోని గడ్డలు.)

ఈ పరిజ్ఞానం ఉత్తర తెలంగాణ రైతుకు దగ్గరయ్యేది విత్తనం దగ్గర. హుజూరాబాద్, జమ్మికుంట వైపు యాసంగిలో హైబ్రిడ్ విత్తనం కోసం ఆడ-మగ వరి వేస్తారు. పూత సమయంలో తాడు పట్టి మడి మీదుగా లాగి, మగ వరుసల పుప్పొడిని ఆడ కంకుల మీద పడేలా చేస్తారు. మబ్బు పట్టిందంటే టెన్షన్. ఆ మడికి రాకముందే ఆడ, మగ రకాలు రెండూ గుణాల్లో స్థిరపడి ఉండాలి. మామూలు పద్ధతిలో అందుకు ఆరు నుంచి ఎనిమిది తరాలు పడుతుంది.

2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో రవి మారుతాచలం, సైమన్ చాన్ దీనికి దగ్గరి దారి చూపించారు. రవి అంతకుముందు పరిశోధన చేసింది మన హైదరాబాద్ సీసీఎంబీలోనే. వాళ్లు అరబిడాప్సిస్‌లో సెన్‌హెచ్3ని తీసేసి, తోక మార్చిన ప్రోటీన్ పెట్టారు. ఆ మొక్క బతికింది. కానీ దాన్ని మామూలు మొక్కతో సంకరం చేస్తే, పిండం ఎదిగే తొలి విభజనల్లోనే మార్చిన ప్రోటీన్ ఉన్న క్రోమోజోములు వెనకబడి మాయమయ్యాయి. కొన్ని మొక్కల్లో రెండో వైపు క్రోమోజోములే, అవీ ఒకే సెట్టు, మిగిలాయి. అలాంటి మొక్కకు కాల్చిసిన్ అనే రసాయనం పట్టించి క్రోమోజోములను రెట్టింపు చేస్తే, రెండు ప్రతులూ ఒకేలా ఉన్న శుద్ధ రకం ఒక్క తరంలో చేతికొస్తుంది. మన అడవుల్లో పూసే అగ్నిశిఖ దుంపలోనూ ఈ కాల్చిసిన్ ఉంటుంది.

పంటల్లో ఇది అంత సులువుగా రాలేదు. 2020లో గోధుమలో, 2021లో మొక్కజొన్నలో సెన్‌హెచ్3 మార్పులతో ఇలాంటి మొక్కలు సాధించారు, కానీ నూటికి కొద్ది మాత్రమే. వేల గింజల్లోంచి వాటిని ఏరగలిగితే ఆ కొద్దీ చాలు.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇంకో సంగతి. ఆడ వరిలో పుప్పొడి పనికిరాకుండా చేసే గుణం కేంద్రకంలోది కాదు, దాని చుట్టూ ఉన్న కణద్రవ్యంలోది. ఆ గుణాన్ని కొత్త రకంలోకి తేవాలంటే మళ్లీ మళ్లీ సంకరం చేస్తూ ఏళ్లు గడపాలి. ఆ కణద్రవ్యం ఉండి, సెన్‌హెచ్3 మార్చిన మొక్కను తల్లిగా వాడితే తల్లి క్రోమోజోములు పోయి, తల్లి కణద్రవ్యంలో తండ్రి కేంద్రకం ఒక్కటే మిగిలే మొక్క దొరుకుతుంది. దాని క్రోమోజోములను రెట్టింపు చేసుకుంటే, ఏళ్ల తరబడి సంకరాలు చేసే పని ఒక్క సంకరంతో తేలిపోతుంది. 2024లో మొక్కజొన్నలో దీన్ని చేసి చూపించారు. మూడు రకాలతో (ఆడ వరి, దాన్ని నిలబెట్టే రకం, మగ వరి) తయారయ్యే హైబ్రిడ్ వరి మీద పనిచేసే మన బ్రీడర్లు వెంటనే చేతిలోకి తీసుకోవాల్సిన పద్ధతి ఇదేనని నా అభిప్రాయం.