టీవీ టైము ఎవరి చేతిలో ఉండేది?

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. చాలాకాలం అందులో తెలుగుకు దక్కింది సాయంత్రం పూట కాసేపే. 1983 నుంచి శాంతిస్వరూప్ ఏడు గంటల వార్తలు చదివేవారు. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. వార్తలయ్యాక ఒకటో రెండో కార్యక్రమాలు, ఆపైన తెలుగు ఆగిపోయి తెర ఢిల్లీ పరమయ్యేది. 1982 ఆగస్టు 15న మొదలైన జాతీయ కార్యక్రమం రాత్రి వేళను మొత్తంగా హిందీకి, ఇంగ్లీషుకు రాసిచ్చేసింది. హిందీ రాని ఇల్లాలు కూడా ఆ బొమ్మల్ని చూస్తూ కూర్చునేది. ఉన్నది ఒక్కటే ఛానెల్ మరి.

శుక్రవారం చిత్రలహరిలో పాట నడుస్తుండగా కరెంటు పోయిందంటే అంతే సంగతులు. ఆ పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. కరెంటు ఉన్నా ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న పలక వచ్చి పడేది. 1987 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు ఆదివారం ఉదయం రామాయణం వస్తుంటే ఆ వేళకు బజార్లు ఖాళీ అయ్యేవి. దేశం మొత్తం ఒకేసారి చూసిందని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటాం. ఇంకోసారి చూసే దారి లేకపోవడం కూడా అందుకు ఒక కారణమని ఆ ముచ్చట్లో ఎవరూ అనరు.

మనకు వీలైన వేళ మనకు నచ్చింది చూడాలన్న కోరిక స్మార్ట్‌ఫోన్ కంటే చాలా ముందుది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు వీడియో క్యాసెట్లు వేసి చూసే వీసీఆర్‌లు మోసుకొచ్చారు. కొనలేని వాళ్లకు ఊళ్లో వీడియో షాపు ఉండేది: ఒక రాత్రికి వీసీపీ (క్యాసెట్ ఆడించే పెట్టె), కలర్ టీవీ, మూడు క్యాసెట్లు అద్దెకు. పెళ్లిళ్లకి, వినాయక చవితి పందిళ్లకి ఇదే సందడి. టేపును చదివే హెడ్డు మురికి పట్టి బొమ్మ మసకబారితే షాపు కుర్రాడు మూత విప్పి తెల్ల కాగితం ముక్కతో తుడిచేవాడు. తెల్లారేలోపు మూడూ చూసేయాలి, అద్దె ఒక్క రాత్రికే. ఆ తర్వాత కేబుల్ ఆపరేటర్ వచ్చాడు. ‘అన్నా, ఇవాళ రాత్రికి ఎన్టీఆర్ బొమ్మ వెయ్యవా’ అని అడిగితే తన సొంత ఛానెల్‌లో వేసేవాడు. హక్కులు, పైరసీ అన్న పట్టింపు ఇద్దరికీ లేదు. ఆన్ డిమాండ్ అన్నది నిజానికి మన వీధిలో అప్పుడే ఉంది.

1991 గల్ఫ్ యుద్ధాన్ని ప్రత్యక్షంగా చూడాలన్న ఆత్రంతో డిష్‌లు పైకప్పులెక్కాయి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. తెలుగు రోజంతా దొరికింది కానీ వేళ మాత్రం ప్రేక్షకుడి చేతికి రాలేదు, ఢిల్లీ నుంచి ఛానెల్ వాళ్లకు మారింది. ఛానెల్ బతికేది పది సెకన్ల లెక్కన అమ్మే ప్రకటన మీద. ఏ స్లాట్‌లో ఎంతమంది చూస్తారో ముందే చెప్పగలిగితేనే ఆ పది సెకన్లకు ధర. అందుకే సీరియల్ రోజూ అదే వేళకు రావాలి, వారాంతపు ఎపిసోడ్ చివర ఎవరో ఒకరు మెట్ల మీద నుంచి జారిపడాలి. కథ సాగదీశారని రచయితల్ని తిట్టుకున్నాం కానీ, ఆ సాగతీతకు అసలు కారణం ప్రకటనల లెక్కే.

ఈ లెక్క ముందుగా కుదరనిది అమెరికా తెలుగువాళ్లకు. హైదరాబాద్‌లో రాత్రి 8 గంటల సీరియల్ వేసవిలో అట్లాంటాలో ఉదయం పదిన్నరకు వస్తుంది. ఆఫీసు వేళ అది. నెట్‌లో మన ఛానెళ్లు చూపించేందుకు ఉదయ్ రెడ్డి 2006లో పెట్టిన యప్ టీవీ ఈ ఇబ్బందిని పట్టుకునే ఎదిగింది. మనూళ్లలో అప్పటికి నెట్ ఖరీదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ అడ్డు తొలగింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ కలిపి ఇస్తామంది. యాప్‌ల గొప్పతనం గురించి ఎంత రాసినా, ఈ మార్పులో పెద్ద వాటా డేటా ధరదే.

కేబుల్ వైపు కూడా ఒక దెబ్బ తగిలింది. 2019 ఫిబ్రవరి నుంచి ఏ ఛానెల్ కావాలో ఎంచుకుని దానికే డబ్బు కట్టమంది టీవీ, ఫోన్ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్. అప్పట్లో మొదటి వంద ఛానెళ్లకు 130 రూపాయలు, పన్ను అదనం, ఆపైన పే ఛానెళ్ల ధరలు వేరు. ఆ జాబితా ముందేసుకుని కూడికలు వేసిన ఇళ్లలో ‘అసలు ఇది మనకెందుకు’ అన్న మాట మొదటిసారి వినిపించింది.

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. అప్పట్లో తెలుగుకే పరిమితమైన ‘ఆహా’ యాప్ అధికారికంగా మొదలైంది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది, రెండూ ఆ రోజే. థియేటర్లు మూతపడి కొత్త సినిమాలు నేరుగా ఫోన్లోకి రాసాగాయి. అవే రోజుల్లో దూరదర్శన్ పాత రామాయణాన్ని మళ్లీ వేస్తే జనం మళ్లీ వేళకు కూర్చున్నారు. ఏప్రిల్ 16 ఎపిసోడ్‌ను 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. వేళ ప్రకారం చూడటం పూర్తిగా పోయిందనేవాళ్లు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి.

డబ్బు మాత్రం యాప్‌ల వైపే కదిలింది. 2022 జూన్ వేలంలో 2023-27 ఐపీఎల్ హక్కులు భారత్ వరకు టీవీకి 23,575 కోట్లు పలికితే, డిజిటల్‌కు రెండు ప్యాకేజీలు కలిపి 23,758 కోట్లు పలికాయి. సీరియళ్లు సైతం డబ్బు కట్టినవాళ్లకు టీవీ కంటే ముందే, తెల్లవారుజామునే యాప్‌లో పడసాగాయి. సాయంత్రం అత్తగారు టీవీలో చూసేసరికి కోడలికి కథ తెలిసిపోయి ఉంటుంది.

యాప్‌లకూ ఇప్పుడు పాత అవసరాలే వచ్చాయి. సిరీస్‌ను ఒకేసారి వదిలితే నెలకే చందా మానేస్తున్నారని కొన్నిటిని వారానికో ఎపిసోడ్ చొప్పున ఇస్తున్నారు. ప్రైమ్ వీడియో 2025 జూన్ నుంచి భారత్‌లో ప్రకటనలు వేస్తోంది. అవి వద్దనుకునే వాళ్లను చందా కాక ఏడాదికి మరో 699 రూపాయలు కట్టమంది అప్పట్లో.